తడి లేని నేల

ఏసోబు మోకాళ్ళు ప్రార్థనకి అరిగిపోయాయని పేటలో అందరూ అనేవాళ్ళు. ఆ మాట ఎవరు మొదలుపెట్టారో ఆయనకు తెలియదు. తెలియకపోయినా దాన్ని ఏనాడూ కాదనలేదు. నిజానికి ఆయన వయసంతా గుంటూరు మిర్చి యార్డులో, లారీలకి బస్తాలెత్తే ముఠా పనిలో గడిచింది. ఎండుమిరప కుక్కిన గోనె బస్తాని అక్కడ టిక్కీ అంటారు. టిక్కీని వీపున వేసుకుని లారీకి వేసిన చెక్క ఎక్కుతుంటే బరువంతా దిగి మోకాలి చిప్పలో కూర్చుంటుంది. ఎక్స్‌రే చూసిన డాక్టరు ఆ సంగతి ఒక్క చూపులో కనిపెట్టాడు. బస్తాలు మోసేవాడివా అని అడిగితే ఏసోబు తలూపాడు. పేటకి తిరిగొచ్చాక మాత్రం ఆ ముక్క ఎవరి దగ్గరా ఎత్తలేదు. ప్రార్థనకి అరిగాయంటే ఉన్న మర్యాద బస్తాలకి అరిగాయంటే ఎక్కడిది?

ప్రత్తిపాడు దాటాక మిరప చేల మధ్య ఉంటుంది ఆ ఊరు. ఊరికి ఒక చివర పేట, పేటకి ఒక చివర చర్చి. ఆదివారం ప్రసంగం అయ్యాక చివరి ప్రార్థనకి జనమంతా చాపలు పక్కకి నెట్టి వట్టి బండల మీద మోకరిస్తారు. అందరికంటే ముందు, పాస్టరు గారికి ఎదురుగా ఏసోబు. చెయ్యి నేలకి ఆనించకుండా, నడుము వాల్చకుండా, గుంజ పాతినట్టు ఉండేవాడు. సంఘ పెద్ద కాబట్టి ప్రార్థన ఎంత సాగదీసినా అడిగేవాళ్ళు లేరు. మోకరించలేని ముసలీ ముతకా వెనక గోడవారగా ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చునేవాళ్ళు. వాళ్ళకి ఏసోబు ఒక పేరు పెట్టాడు, కుర్చీల సంఘమని. బయటికొచ్చి చెప్పులు తొడుక్కుంటూ, "ఏం సుబ్బరావమ్మక్కా, మీ కుర్చీల సంఘంలో కొత్తగా ఎవరన్నా కలిశారా?" అని వేళాకోళం చేసేవాడు. ఎదురింటి సుబ్బరావమ్మ ఆయనకంటే పెద్దది, నోరున్న మనిషి. నీకూ వచ్చిద్దిలేరా ఆ రోజు, తొందరపడమాక అనేది. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

ఆ ఏడు పత్తి తీతలు ముగిసేసరికి ఆయన కుడికాలు మోపలేని స్థితికి వచ్చింది. చిప్ప మార్చక తప్పదన్నారు. గుంటూరులో ఆపరేషనయింది. ఇంటికి పంపే రోజు డాక్టరు మంచం దగ్గర నిలబడి జాగ్రత్తలు చెప్పాడు. కింద కూర్చోకూడదు, గొంతుక్కూర్చోకూడదు, మోకాలి మీద బరువు పెట్టకూడదు. ఏసోబు కాసేపు నసిగి, మేము ప్రార్థనకి మోకరిస్తామండీ అన్నాడు.

"కుర్చీలో కూర్చుని చేసుకో పెద్దాయనా. దేవుడేమీ అనుకోడు."

"ఎన్నాళ్ళండీ?"

"ఎన్నాళ్ళేంటి? ఇక అంతే."

కొడుకు ఏసుబాబు అప్పుడు కింద మందులషాపులో ఉన్నాడు. ఆ మాట విన్నది కోడలు ఆరాధన ఒక్కతే. ఆమె మామగారి మొహం చూసి, ఫ్లాస్కు మూత బిగించింది.

ఇంటికొచ్చాక అసలు కష్టం మొదలయింది. నొప్పిని ఆయన లెక్కచేసే మనిషి కాదు. కష్టం నొప్పిది కాదు. భార్య పోయిన దగ్గర్నుంచీ తన పనులు తను చేసుకున్నవాడికి ఇప్పుడు లేవాలన్నా, తిరగాలన్నా కోడలి చెయ్యి కావాలి. ఏసుబాబుది సొంత ట్రాలీ ఆటో. మిరప కోతలు జోరుగా ఉన్నాయి, చేల నుంచి కోల్డ్ స్టోరేజీలకి తిరుగుతూ ఇంటిపట్టున ఉండేవాడు కాదు. ఆరాధన జాకెట్లు కుట్టే పని మానుకుని మామగారి పక్కనే ఉంది. మందులిచ్చేది, మోకాలికి ఐసు పెట్టేది, మడమ కింద చెయ్యి వేసి కాలు వంచే కసరత్తు చేయించేది. కన్నం పెట్టిన కుర్చీ ఒకటి తెచ్చి మంచం పక్కన వేశారు, దొడ్డికి అందులోనే. దాని కింది బకెట్టు ఆమె తీసుకెళ్ళేటప్పుడు ఏసోబు గోడవైపు తిరిగి కళ్ళు మూసుకునేవాడు. ఆమె ముక్కు చిట్లించేది కాదు, మాట్లాడేది కాదు, మంచినీళ్ళ బిందె తీసుకెళ్ళినట్టు తీసుకెళ్ళేది. అందుకైనా ఆయన మనసులో ఆమెకి దణ్ణం పెట్టుకోవాల్సింది. ఆయన బుర్రంతా వేరే చోట ఉంది.

ఒక సాయంత్రం పాస్టరు జక్రయ్య గారు బత్తాయిలు తీసుకుని చూడటానికొచ్చారు. వచ్చే శనివారం ఇక్కడే, ఈ ఇంట్లోనే కృతజ్ఞత కూడిక పెట్టుకుందామన్నారు. ఆపరేషను గట్టెక్కినవాళ్ళ ఇంట అలా కూడుకోవడం వాళ్ళ ఆనవాయితీ. పాటలు, వాక్యం, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యం, చివర ప్రార్థన, ఆ తర్వాత పులిహోర.

"చివరి ప్రార్థన మాత్రం మీదే ఏసోబు గారూ. మీ ప్రార్థన విని చాన్నాళ్ళయింది" అన్నారాయన లేస్తూ.

నేను మోకరించలేనండీ అని అప్పుడే అనేస్తే అయిపోయేది. రెండు ముక్కలు. ఏసోబు నోరు తెరిచాడు, అలాగే అయ్యగారూ అన్నాడు. గుమ్మం దగ్గర ఆరాధన పళ్ళ సంచి పట్టుకుని నిలబడి ఆయన వంకే చూసింది.

ఆ రాత్రి నుంచీ ఆయనకి కళ్ళు మూసినా తెరిచినా ఒకటే కనపడుతోంది. హాలంతా జనం మోకరించి ఉంటారు, మధ్యలో తనొక్కడు కుర్చీలో, కాళ్ళు చాపుకుని దొరబాబులా. తల ఎత్తి తనవైపు చూసే సుబ్బరావమ్మ. డాక్టర్లు అందరికీ ఒకేలా చెబుతారు, అందరి ఒళ్ళూ ఒకటేనా అని తనకి తనే నచ్చజెప్పుకున్నాడు. ఒక్కసారి, ఎవరూ లేనప్పుడు చేసి చూస్తే తెలుస్తుందిగా.

మర్నాడు పొద్దున ఆరాధన ఇల్లు తుడిచి, బట్టలుతికి, స్నానం చేసి, పాలు తేవడానికి వెళ్ళింది. తెరిచిన తలుపులోంచి ఎండ నేరుగా బండల మీద పడుతోంది. ఏసోబు వాకరు ఊతంగా లేచాడు. దుప్పటి నాలుగు మడతలు వేసి మంచం పక్కన నేల మీద పరిచాడు. ఎడమ మోకాలు ముందు దించాడు. అది పాతదే, మూలుగుతూనే దిగింది. తర్వాత కుడిది దించబోయాడు. అది వంగినంత వంగి ఆగిపోయింది. ఒంటి బరువు మాత్రం ఆగలేదు. కట్టు కింద ఏదో పుటుక్కుమంది. వాకరు ఒకవైపు, మనిషి ఒకవైపు పడ్డారు.

ముందు వచ్చింది సుబ్బరావమ్మ. వాకరు పడ్డ చప్పుడుకి కుంటుకుంటూనే వీధి దాటి గబగబా వచ్చింది. కట్టు మీద ఎర్రగా మరక పాకుతోంది. "ఎట్టా పడ్డావురా?" అంది తల కింద చెయ్యి పెట్టి.

ఇంకెవరు అడిగినా ఏం చెప్పేవాడో. అడిగింది సుబ్బరావమ్మ. ఏసోబు కళ్ళు గది చుట్టూ తిరిగి, గోడకి ఆనించిన తడిగుడ్డ మీద, దాని పక్కన బకెట్టు మీద ఆగాయి.

"బండలు తడిగా ఉన్నాయక్కా. జారాను."

అంతే. ఆ రెండు మాటలకి సుబ్బరావమ్మ నోరు లేచింది. మూల్గుతున్న మనిషిని ఇంట్లో పెట్టుకుని బండల మీద నీళ్ళు పోసి పోవడమేందే అని పాలతో తిరిగొచ్చిన ఆరాధన మీద వీధి గుమ్మంలోనే విరుచుకుపడింది. ఆరాధన పాలగిన్నె కింద పెట్టి లోపలికి వచ్చింది. ఆమె చెప్పులు లేని కాళ్ళతో బండల మీద నిలబడింది. ఒకసారి కిందికి చూసుకుంది. పాదం ముందుకీ వెనక్కీ కదిపింది. బండలు ఎండకి వెచ్చగా, పొడిగా ఉన్నాయి. అప్పుడు మంచం పక్కన నాలుగు మడతల దుప్పటి ఆమె కంట పడింది. దాని మీద ఒకవైపు, మోకాలు ఒత్తిన చోట, గుంట ఇంకా అలాగే ఉంది. ఆమె ఏసోబు మొహంలోకి చూసింది. ఆయన చూపు తిప్పుకున్నాడు. ఆమె వంగి దుప్పటి తీసింది. ఒక్కసారి దులిపి మంచం మీద వేసింది. తర్వాత ఏసుబాబుకి ఫోను చేసింది.

ఏసుబాబు టిక్కీలు సగం దించిన బండిని అక్కడే వదిలి వచ్చాడు. గుంటూరు తీసుకెళ్ళారు. లోపల జాయింటు కదల్లేదు, అదృష్టమన్నారు. ఊడిన చోట మళ్ళీ కుట్లు వేశారు. తిరిగొచ్చాక ఏసుబాబు భార్యని వీధిలో నిలబెట్టి అడిగాడు. అడగడం కాదు, అరిచాడు. చేతకాకపోతే చేతకాదని చెప్పు, మా నాన్నని చంపుకోమంటావా అన్నాడు. చుట్టూ నాలుగిళ్ళ వాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. లోపల మంచం మీద ఏసోబు ప్రతి మాటా విన్నాడు. ఇప్పుడు చెప్తే వాడు తన మీద అరుస్తాడు, పోనీ. రేపు పేటంతా నవ్వుతుంది. పెద్దాయన దొంగచాటుగా మోకరించబోయి బోర్లాపడ్డాడట అంటారు. రేపు చెబుదాం, వాడు కాస్త చల్లబడ్డాక చెబుదాం అనుకున్నాడు. రేపటి తర్వాత ఇంకో రేపు వచ్చింది. అబద్ధం కూడా పుండులాంటిదే, పైన చెక్కు కడితే కదపబుద్ధి కాదు.

కూడిక రెండు వారాలు వాయిదా పడింది. ఆ రెండు వారాలూ ఏసుబాబు భార్యతో పలకలేదు. కంచం దగ్గర కూడా కావలసింది చేత్తో చూపించాడు. పైగా అత్తగారికి కబురు పెట్టాడు, మీ అమ్మాయి ఒక్కదానికే వదిలి నేను బయటికి పోలేకపోతున్నాను, మీరు వచ్చి ఉండండి అని.

ఆరాధన తల్లి రెబ్కాది సత్తెనపల్లి పక్క పల్లె. కోతల కాలం, కూలి దొరికే నాలుగు నెలలూ అవే. ఆమె ఉన్న పని వదిలి సంచితో దిగింది. దిగీ దిగగానే నీళ్ళు కూడా తాగకుండా ఏసోబు మంచం దగ్గరికొచ్చి నిలబడింది. ఎండకి నల్లబడి, మిరపకాయ ఘాటుకి వేళ్ళ చివర్లు చిట్లిన రెండు చేతులూ జోడించింది.

"అత్త లేని ఇంటికి ఇచ్చాం, అన్నీ నేర్పి పంపాననుకున్నానన్నయ్యా. నా పెంపకంలో లోపం. ఈసారికి మనసులో పెట్టుకోమాక."

ఆ క్షణాన మంచంతో సహా భూమిలోకి దిగిపోతే బాగుండుననిపించింది ఏసోబుకి. వంటింటి గుమ్మంలో ఆరాధన నిలబడి ఉంది. ఆమె తల్లిని చూడటం లేదు. ఆయన్నే చూస్తోంది. ఇప్పుడన్నా అంటారా అన్నట్టు చూస్తోంది.

"సరేలేమ్మా. చిన్నపిల్ల" అన్నాడు ఏసోబు.

క్షమించేశాడు. చెయ్యని తప్పుకి పెద్దమనసుతో క్షమించేశాడు. ఆరాధన లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచీ ఆమె ఇల్లు తుడిచే పద్ధతి మారింది. తడిగుడ్డ పెట్టాక పొడిగుడ్డతో మోకాళ్ళ మీద పాకుతూ బండ బండా తుడిచేది. మళ్ళీ ఇంకోసారి. మంచం చుట్టూ అయితే అరచేత్తో తడిమి చూసేది. ఏసోబుకి ఎదురుగానే చేసేది. ఎత్తిపొడుపు కోసం చేస్తోందా అంటే కాదు, తల్లి చూస్తోంది, మొగుడు చూస్తున్నాడు, చెయ్యక ఏం చేస్తుంది? ఒకసారి ఆయన ఉండబట్టలేక, అమ్మా ఆరాధనా, ఆ రోజు అని మొదలుపెట్టాడు. ఆమె గుడ్డ ఆపి తలెత్తింది. ఎదురుచూసింది. ఆ ఎదురుచూపుకి ఆయన జడుసుకున్నాడు. ఆ రోజు డాక్టరు రాసిన మాత్ర అన్నం ముందా, తర్వాతా అని అడిగాడు. తర్వాత అని చెప్పి ఆమె మళ్ళీ తుడుచుకోవడం మొదలుపెట్టింది.

కూడిక రోజు సాయంత్రానికి చర్చి చాపలు తెచ్చి హాల్లోనూ వరండాలోనూ పరిచారు. పేటలో కోతల నుంచి అప్పుడే వచ్చి, ఒళ్ళు కడుక్కుని, తడి జుట్టుతోనే వచ్చినవాళ్ళు చాలామంది. ఏసోబుని హాలు మధ్యలో కుర్చీలో కూర్చోబెట్టారు. సుబ్బరావమ్మ తన కుర్చీ తనే మోసుకొచ్చి ఆయన పక్కన వేసుకుంది.

"రారా, కలిశావు మా సంఘంలో. చందా ఏం లేదులే" అంది నలుగురికీ వినపడేలా.

జనం నవ్వారు. ఇన్నాళ్ళూ ఆయన భయపడింది ఈ నవ్వుకే. తీరా వింటే ఏముంది? చల్లటి మజ్జిగలాంటి నవ్వు. ఎవరి కళ్ళల్లోనూ చులకన లేదు. దీని కోసమా తను ఇంత చేసింది! వెంటనే సుబ్బరావమ్మ మాట ఇంకోవైపు తిరిగింది. పాపం ఆ తడి బండలే లేకపోతే ఈపాటికి కర్ర పట్టుకుని తిరిగేవాడు అంది, పులిహోర గిన్నె మోసుకెళుతున్న ఆరాధన వైపు గడ్డం చూపించి. నలుగురు ఆడవాళ్ళు నిట్టూర్చారు. రెబ్కా కూతురి చేతిలో గిన్నె అందుకుని గబగబా లోపలికి తీసుకెళ్ళింది.

పాటలయ్యాయి. జక్రయ్య గారు నిలబడి ఇంటివాళ్ళందరి కోసం ప్రార్థన మొదలుపెట్టారు. ఏసోబు ఆరోగ్యం కోసం, ఏసుబాబు బండి కోసం, ప్రయాణాల కోసం చేశారు. ఆయన మంచి మనిషి. ఆ మంచితనంతోనే తర్వాతి మాట అన్నారు.

"ప్రభువా, ఈ ఇంటి కోడలు ఆరాధనని నీ చేతికి అప్పగిస్తున్నాం. చిన్నబిడ్డ తండ్రీ. చేసే పనిలో మెలకువనీ, పెద్దల ఎడల జాగ్రత్తనీ ఆమెకి దయచేయి."

ఆమేన్ అన్నారు అందరూ. అందరికంటే గట్టిగా వినపడింది రెబ్కా గొంతు. తలకి కొంగు కప్పుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఆమేన్ అంది. ఆమె పక్కన ఆరాధన పెదవులు కదల్లేదు. మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

పేటలో అన్న మాట గాలికి పోతుంది. మొగుడు తిట్టిన తిట్టు నాలుగు రోజులకి పాతబడుతుంది. ఇది ఆ రెండూ కాదు. తను చెప్పిన అబద్ధాన్ని పాస్టరు గారు దేవుడికి విన్నవించారు. యాభైమంది ఆమేనని సంతకం పెట్టారు.

సాక్ష్యం చెప్పమన్నారు. ఏసోబు వాకరు పట్టుకుని లేవబోయాడు. కూర్చునే చెప్పమన్నా వినలేదు. లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ, బండలు తడిగా లేవు" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు.

"కోడలు తుడిచి చాలాసేపయింది. ఎండ పడి ఆరిపోయి ఉన్నాయి. నేను జారలేదు. ఎవరూ లేంది చూసి మోకరించాను. డాక్టరు వద్దన్నా మోకరించాను. అప్పుడు పడ్డాను."

వరండాలోంచి ఎవరో స్తోత్రం అన్నారు. ఇంకెవరో హల్లెలూయ అన్నారు. అది నిప్పులా పాకింది. కోసిన మోకాలితో మోకరించాడా, కుట్లు తెగుతున్నా ప్రార్థన మానలేదా అని ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. జక్రయ్య గారి మొహం వెలిగిపోయింది. "చూశారా, విశ్వాసమంటే అదీ" అన్నారు. సుబ్బరావమ్మ ముక్కు చీదుకుని, "ఒరే ఏసోబూ, నీ మీద ఎన్ని జోకులేశానురా" అంది.

ఏసోబు నిలబడే ఉన్నాడు. ఎంత హాయిగా ఉంది ఆ మాటల వాన! కోడలి మీద మచ్చా పోయింది, తన పేరూ పెరిగింది. ఇక కూర్చుంటే చాలు. కాలు నొప్పి పుడుతోంది కూడా. పేటలో ఇకనుంచి ఆ మోకాళ్ళకి ఇంకో కథ ఉంటుంది, మొదటిదానికంటే పెద్దది.

గుమ్మం దగ్గర ఏసుబాబు ఒక్కడే స్తోత్రం అనలేదు. వాడి మొహం పాలిపోయి ఉంది. తండ్రిని చూశాడు, భార్యని చూశాడు, మళ్ళీ తండ్రిని చూశాడు.

"మరి జారానని ఎందుకు చెప్పావు నాన్నా?"

హాలు సద్దుమణిగింది.

కొడుకు మొహం చూస్తూ అబద్ధం చెప్పడానికి ఏసోబుకి ఓపిక మిగల్లేదు. వాకరుని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

"ఈ స్తోత్రాలు నాకొద్దు. నేను దేవుడి కోసం మోకరించలేదు. శనివారం మీరంతా వస్తారని, మీ ముందు కుర్చీలో కూర్చుంటే పరువు పోయిద్దని, అయిద్దో లేదో చూసుకుందామని మోకరించాను. ఒక్క ముక్క ప్రార్థన చెయ్యలా. పడ్డాక సుబ్బరావమ్మక్క అడిగితే చెప్పటానికి సిగ్గేసింది. ఎదురుగా బకెట్టు కనపడింది. ఆ పిల్ల మీద పెట్టాను." ఊపిరి తీసుకున్నాడు. "నువ్వు దాన్ని వీధిలో నిలబెట్టి అరుస్తుంటే ఇక్కడే పడుకుని విన్నానురా. వాళ్ళమ్మ వచ్చి నాకు చేతులు జోడించింది. సరేలే, చిన్నపిల్ల అన్నాను. నేను, అన్నాను ఆ మాట."

ఈసారి ఎవరూ స్తోత్రం అనలేదు. ఎవరో దగ్గారు. వరండాలో ఒకావిడ పక్కావిడ చెవిలో ఏదో అంది. ఇన్నేళ్ళూ తన వెనక మోకరించిన మనుషులు ఇప్పుడు తన మొహం చూడలేక చాపల అంచులు చూస్తున్నారు. ఏసోబు చెంపల నుంచి చెవుల దాకా మంట పుట్టింది. అయినా కూర్చోలేదు.

"అయ్యగారూ, ఇందాక ఆ పిల్ల గురించి మీరు చేసిన ప్రార్థన."

ఇలాంటిదానికి ఏం చెయ్యాలో జక్రయ్య గారికి ఎవరూ నేర్పలేదు. చివరికి ఆరాధన వైపు తిరిగి, తెలియక చేశానమ్మా, ఏమీ అనుకోమాక అన్నారు. తర్వాత అందరినీ చివరి ప్రార్థనకి మోకరించమన్నారు. ఆయనే చేశారు. చిన్నదిగా చేశారు. మోకరించిన జనం మధ్యలో ఏసోబు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన్ని ఎవరైనా చూశారో లేదో, అది ఆయన చూసుకోలేదు.

పులిహోర పొట్లాలు తీసుకుని జనం తొందరగానే వెళ్ళారు. సుబ్బరావమ్మ తన కుర్చీ ఎత్తుకుంటూ ఆరాధన దగ్గర ఆగింది. నేనూ నోరు పారేసుకున్నానే తల్లీ అని ఆమె చెయ్యి నొక్కి వెళ్ళిపోయింది. ఏసోబుతో మాత్రం పలకలేదు.

రెబ్కా ఎదురుగా వచ్చినప్పుడు ఆయన రెండు చేతులూ ఎత్తబోయాడు. ఆమె ఆ చేతులు పట్టుకుని కిందికి దించింది.

"నాకొద్దన్నయ్యా. నాదెంతలే, రేపు చేలో పడితే మర్చిపోతాను. మాటలు పడింది ఆ పిల్ల. దాన్ని అడుగు."

అని తన సంచి సర్దుకోవడానికి లోపలికి వెళ్ళింది.

ఆరాధన మాత్ర, గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. రోజూలాగే మాత్ర రేకులోంచి తీసి ఆయన అరచేతిలో పెట్టింది. ఏసోబు మింగలేదు. అమ్మా అన్నాడు.

"అడగమాకండి మావయ్యా" అంది ఆమె మెల్లగా. కోపంగా అనలేదు. "మీరు అడిగితే నేను పర్లేదు అనాలి. పెద్దోళ్ళు అడిగితే ఇంకేమంటాం? నాకింకా పర్లేదు అనిపించట్లా. అనిపించిన రోజు నేనే చెప్తాను."

"సరేనమ్మా."

"కొన్నాళ్ళు పట్టిద్ది."

"పట్టనీ."

ఆయన మాత్ర మింగేదాకా నిలబడి, గ్లాసు తీసుకుని వెళ్ళింది. వరండాలో ఏసుబాబు చాపలు చుడుతున్నాడు. చుట్టిందే విప్పి మళ్ళీ చుడుతున్నాడు. ఆమె పక్కనుంచి వెళుతుంటే లేచి నిలబడి ఏదో అన్నాడు. ఏసోబుకి వినపడలేదు. ఆమె జవాబు మాత్రం వినపడింది.

"ఆ రోజు వచ్చాక ఒక్కసారన్నా నన్ను అడిగావా, బండలు తడిగా ఉన్నాయా అని?"

వాడు చాపలు భుజానికెత్తుకుని చర్చివైపు వెళ్ళాడు.

ఏసోబు కుర్చీలోనే కూర్చున్నాడు. ఆమె చెప్పే ఆ రోజు దాకా ఆమె చేతి మాత్ర మింగాలి, ఆమె చేతి ఊతంతో లేవాలి, పొద్దున లేస్తే ఆమె మొహం చూడాలి. గోడవైపు తిరగడానికి లేదు. ఆయన అలాగే గుమ్మానికి ఎదురుగా కూర్చుని ఉండగా వంటింట్లోంచి ఆరాధన గొంతు వినపడింది. పులిహోర తిన్నారుగా, అన్నం కూడా పెట్టమంటారా అని అడుగుతోంది.

"కొంచెం పెట్టమ్మా" అన్నాడు.